ఒక చనుమొన నుంచే రక్తపు నీరు: అల్ట్రాసౌండ్ ఒక్కటే చాలా?

43 ఏళ్లు, కుడి చనుమొన నుంచి రక్తపు చుక్కలు, పర్లాకిమిడిలో అల్ట్రాసౌండ్ నార్మల్, ఇక ఇది సరిపోతుందా అని ఒకామె అడిగారు. చాలదండి.

పిండకుండానే, ఒకే వైపు, ఒకే రంధ్రం నుంచి రక్తం గానీ తేటనీరు గానీ వస్తే పరీక్ష పూర్తి చేయాల్సిందే. 40 దాటితే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా కావాలి. 30 లోపైతే అల్ట్రాసౌండే మొదలు. మామోగ్రామ్‌లో సున్నపు (కాల్షియం) చుక్కలు బాగా తెలుస్తాయి, అల్ట్రాసౌండ్‌లో పాలనాళం లోపలి చిన్న కాయ తెలుస్తుంది. ఎక్కువసార్లు అది పాపిలోమా, క్యాన్సర్ కాదు. చనుమొన వెనక నీడ పడుతుంది కాబట్టి ప్రోబ్‌ను (ఒంటిమీద ఆనించే స్కాన్ పరికరాన్ని) పక్కనుంచి వంచి, నాళం పొడవునా చూడాలి. జెల్ చల్లగా ఉంటే మొన బిగుసుకుని నీడ ఇంకా పెరుగుతుంది. హడావిడి స్కాన్‌లో తప్పిపోయేది ఇక్కడే.

రెండూ నార్మలైతే గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఇంజెక్షన్‌తో ఎమ్మారై చేయాలి. అదీ నార్మలై రక్తం ఆగకపోతే సర్జన్‌ను కలవాలి.

బరంపురమో వైజాగో వెళ్లేముందు మామోగ్రామ్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పాత ఫిల్ములు పట్టుకెళ్లండి. ఆ రోజు చంకలో పౌడర్ వద్దు, ఫిల్ములో సున్నపు చుక్కల్లా కనబడి తికమక పెడుతుంది. వస్తోందా లేదా అని ఇంట్లో పిండి చూడకండి. ఏ రంధ్రమో డాక్టరు కళ్లారా చూడాలి.