జెడ్1 తోక ఊపుతుందా? ఘాట్‌లో ఏ బండి మేలు?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి కొర్లగుంట. బెంగళూరులో ఉండే మా బావకి పాత జపాన్ బండ్ల పిచ్చి. హోండా సీబీ750 ముందు మిగతావన్నీ దండగంటాడు. నాకేమో కవాసకి జెడ్1 ఫొటో చూస్తే కళ్లు తిప్పబుద్ధి కాదు. అది స్పీడులో తోక ఊపుతుంది, హ్యాండ్లింగ్ సున్నా అని ఒకటే ఎగతాళి. నిజమేనా? ఎప్పటికైనా ఒకటి కొని తిరుమల ఘాట్ ఎక్కాలని నా కోరిక.

జవాబు: తమ్ముడూ, అందం విషయంలో నేను నీ పార్టీనే. 1969లో వచ్చిన సీబీ750 గొప్ప బండే, నాలుగు సిలిండర్లు, సెల్ఫ్ స్టార్ట్, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు అన్నీ ఒకే బండిలో మామూలు రైడరుకి అందాయి. కానీ ట్యాంకు ఒక ముక్క, సీటు ఒక ముక్క, సైడు కవరు ఇంకో ముక్కలా ఉంటుంది. 1972 జెడ్1ని వెనక చక్రం పక్కన నిలబడి చూడు. ట్యాంకు మీద మొదలైన గీత సీటు కింద నుంచి జారి, కొద్దిగా పైకి లేచిన ఆ తోక దాకా ఎక్కడా తెగదు. ఇప్పటి జెడ్900ఆర్ఎస్‌కి కూడా కవాసకి వాళ్లు ఆ తోకే పెట్టారు, ఊరికే కాదు.

ఇక తోక ఊపడం. మీ బావ చెప్పింది అబద్ధం కాదు. 903 సీసీ, 82 హార్స్‌పవర్ ఇంజను, దాన్ని మోసే ఛాసీకి, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కి అంత బిగువు లేదు, అందుకే బాగా స్పీడు మీద పొడవాటి మలుపుల్లో బండి అటూ ఇటూ ఊగుతుంది. మరి ఘాట్‌లో అంత స్పీడు ఎక్కడిది? అలిపిరిలో టైము వేసి పంపుతారు, ముందే చేరితే జరిమానా. జెడ్1కి ఉన్న చెడ్డపేరు ఆ రోడ్డులో నీకు కనిపించనే కనిపించదు. నీ ప్రాణం తీసేది బరువు. రెండూ పెట్రోలు పోస్తే 220 కిలోలు దాటే బండ్లు, కిందికి దిగేటప్పుడు మెలిక తిరిగే మలుపులో చెయ్యి పీకేస్తుంది. వాన పడితే ఇంకో టెన్షన్, ఆ కాలం స్టీలు డిస్కు తడిస్తే లివరు నొక్కినా ఒక క్షణం ఏమీ కాదు, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టేస్తుంది. నవంబరు వానల్లో ఘాట్ దిగినవాళ్లకి ఆ క్షణం ఎంత పొడవో తెలుసు.

ఒట్టి హ్యాండ్లింగే కావాలంటే 1976 సుజుకి జీఎస్750. గట్టి ఛాసీ, స్వింగ్ ఆర్మ్ వదులుగా ఊగకుండా నీడిల్ బేరింగులు, గీత గీసినట్టు పోతుంది. రూపం మాత్రం పెళ్లికొచ్చిన బ్యాంకు గుమస్తాలా ఉంటుంది, ఎవరూ రెండోసారి చూడరు. 1981 సుజుకి కటానా దానికి పూర్తిగా రివర్సు, జర్మనీ డిజైనర్లు కత్తిలాగే గీశారు, కానీ హ్యాండిల్ కిందికుండే సరికి ఘాట్‌లో మణికట్లు పోతాయి.

నా ఓటు మీరిద్దరూ తలవని బండికి: హోండా సీబీ400 ఫోర్. 408 సీసీ, ఆరు గేర్లు, పెద్దన్నల కంటే చాలా తేలిక. ఇంజను ముందు నాలుగు పైపులూ ఒకేసారి కుడికి వంగి ఒకే సైలెన్సరులో కలుస్తాయి, అది చూసి కూడా కొనొచ్చు. గేర్లు మారుస్తూ ఇంజన్ని అరిపించాలి, బద్ధకస్తులకి పనికిరాదు.

ప్రశ్న: ఇలాంటి పాత జపాన్ బండి, 1974 మోడల్ దొరికితే రోజూ తిప్పుకోవచ్చా? (చిత్తూరు నుంచి)

జవాబు: పేపర్లు ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది. అలా చేయిస్తే మాత్రం ర్యాలీకో ఎగ్జిబిషన్‌కో, లేదా పెట్రోలుకీ రిపేరుకీ తప్ప రోడ్డెక్కించకూడదు. కొర్లగుంట తమ్ముడు కూడా ఇది చదివి, అడ్వాన్సు ఇచ్చే ముందు ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లిరావాలి.