సోలార్ హీటర్ అసలు పనితనం: బకెట్ల లెక్క

అన్నగారూ, 70 శాతం సామర్థ్యమని చెప్పి అమ్మిన 100 లీటర్ల సోలార్ హీటర్ ఒంగోలు ఎండలో కూడా నీళ్లు సరిగా కాచడం లేదని రాశారు. ఆ 70, మిట్టమధ్యాహ్నం లోపలి నీరు ఇంకా చల్లగా ఉన్నప్పుడు వచ్చే అంకె. రోజంతటి లెక్క వేరు.

కొళాయి తిప్పగానే వచ్చే వేడిని నమ్మకండి. ట్యాంకులో వేడి నీరు పైన, చల్లనిది అడుగున ఉంటుంది. ఉదయమే వేడినీళ్లన్నీ వదిలేసి, కరెంటు కాయిల్ ఆపి, పగలంతా వాడకుండా ఉంచండి. సాయంత్రం 20 లీటర్ల బకెట్ ఒక్కొక్కటే నింపి, అడుగు దాకా కలిపి, థర్మామీటర్ ముంచి రాసుకోండి. చన్నీళ్లు వచ్చేదాకా పట్టాలి. (నీళ్లు పారబోయకండి, డ్రమ్ముల్లో పోయండి.) ఒక్కో బకెట్ లీటర్లను, చన్నీళ్ల కంటే పెరిగిన డిగ్రీలతో గుణించి, అన్నీ కూడి 860తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 100 లీటర్లు సగటున 30 డిగ్రీలు పెరిగితే సుమారు 3.5 యూనిట్లు.

ఎండను కొలవడానికి మీ మేడ మీది 3 కిలోవాట్ల కరెంటు పలకలే చాలు. ఆ రోజు 12 యూనిట్లు వస్తే కిలోవాటుకు 4. నష్టాల కింద 0.8తో భాగిస్తే చదరపు మీటరుకు దాదాపు 5 యూనిట్ల ఎండ. మీ హీటర్ పలక 2 చదరపు మీటర్లైతే దాని మీద పడింది 10. అందులో నీళ్లకు చేరింది 3.5, అంటే 35 శాతం.

అద్దం మీది దుమ్ము తుడిచి మరోసారి కొలవండి. అంకె కదలకపోతే, బోరు నీటి సున్నం గొట్టాల్లో పేరుకుందేమో విప్పించి చూడాలి.