ముందు నిచ్చెన సంగతి చూడు

నాన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. నువ్వు 32 అడుగుల పాత బోటు కొన్నావట. జూన్‌లో నువ్వూ అమ్మాయీ వాషింగ్టన్ రాష్ట్రంలోని అనకోర్టెస్ నుంచి బయల్దేరి, దారంతా సాల్మన్ చేపలు పట్టుకుంటూ, కెనడా తీరం మీదుగా అలాస్కాలోని కెచికాన్ దాకా వెళ్తారట. "వాడికి ఈ పిచ్చి అంటించింది నువ్వే అక్కా" అని నన్ను దులిపేసింది. నేను నోరెత్తలేదు. ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్నకి చెప్తే, ఆయన ఒక్క మాట మాట్లాడకుండా పాత ఛార్టులు తెచ్చి టేబుల్ మీద పరిచారు. భోజనానికి పిలిచినా లేవలేదు. అంత సంబరం మా ఇద్దరికీ. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

వీహెచ్‌ఎఫ్ రేడియోలో చానల్ 16, డీజిల్ ఫిల్టర్లు, బ్యాటరీలు, ఇవన్నీ నీకు తెలిసినవే. రాత్రిళ్లు నడపకు, నీళ్లలో దుంగలు కనపడవు. బోర్డర్ దాటినప్పుడు రెండు వైపులా రిపోర్ట్ చెయ్యి. అంతే, వాటి జోలికి నేను వెళ్లను.

లైసెన్సు సంగతి మాత్రం సరిగ్గా విను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకి ఒక లైసెన్సు, అలాస్కాకి ఇంకొకటి. కెనడా వైపు సాల్మన్‌ని ఉంచుకోవాలంటే సాల్మన్ స్టాంపు కూడా కొనాలి. అలాస్కాలో కింగ్ సాల్మన్‌కి, అంటే చినూక్‌కే, వేరే స్టాంపు. కెనడాలో గాలానికి ముల్లు ఉండకూడదు, ప్లయర్‌తో నొక్కెయ్యాలి. చినూక్ ఉంచుకుంటే వెంటనే లైసెన్సులో ఎక్కించాలి, "సాయంత్రం రాసుకుందాంలే" అంటే కుదరదు. అక్కడ అన్ని రకాలూ కలిపి రోజుకి నాలుగు సాల్మన్లు, దగ్గర ఉంచుకోగలిగేది దానికి రెట్టింపు. చోటుని బట్టి ఇంకా తక్కువ ఉండొచ్చు, కొన్నిచోట్ల అసలు మూసేసి ఉండొచ్చు. నీలాంటి వాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉన్నవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇల్లు చేరేదాకా అవి నీ దగ్గర ఉన్నట్టే. కాబట్టి పట్టిందల్లా దాచుకోకుండా తింటూ వెళ్లండి. రాక్‌ఫిష్ అనే చేపల్ని కాపాడడానికి కేటాయించిన ప్రాంతాలు బ్రిటిష్ కొలంబియా తీరంలో 164 ఉన్నాయి. వాటిలో సాల్మన్ కోసం ట్రోలింగ్, అంటే బోటు నడుపుతూ వెనక గాలం లాగడం కూడా చెయ్యకూడదు. ఛార్టు మీద వాటిని ముందే గుర్తు పెట్టుకో.

రూల్స్ సీజన్ మధ్యలో కూడా మారతాయి, చినూక్ విషయంలో మరీను. సిగ్నల్ దొరికిన ప్రతి ఊళ్లోనూ కొత్త నోటీసులు చూసుకో. అలాస్కాలో కూడా ఉన్నట్టుండి కింగ్ మూసేస్తారు. టెన్షన్ పడకు, విసుక్కోకు. ఆ చేపలు రెండు దేశాల మధ్య తిరిగేవి. ఎవరి వాటా ఎంత అన్నదాని మీద 1985లో ఒప్పందమే చేసుకున్నారు.

పట్టిన చేప ఏదో తేల్చుకోవడంలో కొత్తవాళ్లు తడబడతారు. చినూక్, కోహో, పింక్, సాకై, సాల్మన్‌లో ఏ రకమైనా సముద్రంలో ఉన్నప్పుడు వెండి రంగులోనే ఉంటుంది. నోరు తెరిచి కింది పళ్ల మొదట్లో చిగురు చూడు. నల్లగా ఉంటే చినూక్, తెల్లగా ఉంటే కోహో. తోక మీద కూడా చూడు. చినూక్‌కి పైనా కిందా చుక్కలుంటాయి, కోహోకి పై సగంలోనే. పింక్‌కి తోక మీద కోలగా పెద్ద మచ్చలు. సాకైకి చుక్కలు దాదాపు ఉండవు. ఇదంతా చేప నీళ్లలో ఉండగానే చూడాలి. పైకి లాగి, డెక్ మీద నాలుగు దెబ్బలు తగిలాక "అయ్యో, ఇది ఉంచుకోకూడనిది" అని వదిలేస్తే అది బతకదు. దక్షిణాన చాలాచోట్ల వీపు మీద తోక దగ్గరుండే బుడిపె రెక్క కత్తిరించి ఉన్న కోహోనే ఉంచుకోనిస్తారు. అవి హ్యాచరీలో పెంచి వదిలిన చేపలు.

కోహో పైపైనే తిరుగుతుంది, కాస్త వేగంగా లాగినా వెంటపడుతుంది. చినూక్ అడుగునే ఉంటుంది, దానికి ఓపిక కావాలి. సాకైకి హూచీ అనే ప్లాస్టిక్ ఎర, చిన్నది, గులాబీ రంగుది కట్టి చాలా నెమ్మదిగా పో. రాతి మూల వెనక నీళ్లు సుడి తిరిగేచోట సాల్మన్ తినే హెర్రింగ్ చేపలు గుంపు కడతాయి. పక్షులు అక్కడ పడి అరుస్తుంటే నీకు వేరే గురువు అక్కర్లేదు. పోటు మారే సమయం, తెల్లవారుజాము, ఇవి వదులుకోకు. ఓర్కా తిమింగలాలు కనిపిస్తే గాలాలు పైకి తీసేసి దూరం జరుగు. అక్కడి దక్షిణపు గుంపులకి చినూకే తిండి, వాటి నోటి దగ్గరది మనకెందుకు? చేప పైకి రాగానే మొప్పలు కోసి రక్తం కారనిచ్చి ఐసులో పెట్టు. పింక్ మాంసం త్వరగా మెత్తబడిపోతుంది, ఆ పూటే వండేయండి. పచ్చిగా తినాలని అమ్మాయికి సరదా ఉందని విన్నాను. మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులు ఉంచాకే. పురుగులుంటాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ పెదనాన్న నీళ్లలో పడిన కథ మనింట్లో నవ్వుకుంటూ చెప్పుకుంటాం కదా. నీకు సగమే తెలుసు.

రివర్స్ ఇన్‌లెట్ మొగ దగ్గర. సాయంత్రం. గాలి లేదు, నీళ్లు నూనె పోసినట్టున్నాయి. పోటు తీయడం మొదలై, రాతి మూల చుట్టూ నీటి కరెంటు అందుకుంటోంది. చినూక్ అడుగునే ఉంటుందని గాలాన్ని లోతుకి దించే డౌన్‌రిగ్గర్ చక్రం మీంచి 12 పౌండ్ల గుండుని నేలకి తాకేంత లోతుకి దించారు ఆయన. అది రాళ్ల సందులో ఇరుక్కుంది. బోటేమో కరెంటుతో పోతోంది, గుండేమో కదలదు. డౌన్‌రిగ్గర్ తీగ సన్నగా కూత పెట్టింది. బోటు వెనక భాగం ఆ పక్కకి కుంగింది. అప్పుడు చెయ్యాల్సింది ఒకటే. బ్రేకు వదిలేసి తీగని పోనివ్వాలి, అప్పటికీ రాకపోతే కోసెయ్యాలి. పోయేదల్లా ఒక గుండు, చేపల్ని ఆకర్షించే ఓ ఫ్లాషరు. ఆయనకి మనసొప్పలేదు. "కొత్త గుండే" అంటూ రివర్స్ గేరు వేసి వెనక్కి పోనిచ్చారు. తీగ వదులై ప్రొపెల్లర్‌లోకి పోయింది. టక్కున ఇంజిన్ ఆగింది.

అక్కడితో ఆగినా బాగుండేది. లైఫ్ జాకెట్ సీటుకి తగిలించి ఉంది. ఆయన వెనక ప్లాట్‌ఫారం మీద మోకాళ్ల మీద కూర్చుని, తీగ ఎక్కడ చుట్టుకుందో చూద్దామని వంగారు. ఎప్పుడో పోయిన టగ్ బోటు తాలూకు అల ఒకటి వచ్చి బోటుని ఊపింది. చప్పుడైనా కాలేదు. నేను తల తిప్పేసరికి అక్కడ మనిషి లేరు.

ఒక చెయ్యి ప్లాట్‌ఫారం అంచు మీద ఉండబట్టి సరిపోయింది. లేకపోతే కరెంటు లాక్కుపోయేది. నోరు తెరిచి గాలి కోసం ఎగశ్వాస పీలుస్తున్నారు, మాట రావడం లేదు. అంత చల్లటి నీళ్లలో పడితే మొదటి నిమిషం మన ఊపిరి మన మాట వినదు, ఆ నిమిషంలో తల మునగకుండా ఉండాలి. ఆ తర్వాత ఒక 10 నిమిషాలు చేతులూ కాళ్లూ పనికొస్తాయి. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది. దీన్నే అక్కడి బోటువాళ్లు 1-10-1 అంటారు. చలికి చచ్చిపోతామని అందరూ భయపడతారు కానీ నాన్నా, జాకెట్ లేనివాళ్లు అంతదాకా రానే రారు, ముందే మునిగిపోతారు.

తాడు అందించాను. వేళ్లు ముడవడం లేదు. తాడు అరచేతిలోంచి జారిపోతుంటే దాన్ని చూస్తున్నారు, పట్టుకోలేకపోతున్నారు. ఆ చూపు నాకిప్పటికీ కళ్లలో మెదులుతుంది. తాడుకి ఉచ్చు వేసి చంకల కిందికి తోసి, బోటు మీద తాళ్లు కట్టే క్లీట్‌కి బిగించాను. ఇక నిచ్చెన దించాలి. అది అలలకి ఊగి చప్పుడు చేస్తోందని ఆయనే పైకి మడిచి నైలాన్ తాడుతో కట్టారు, ఉప్పుకి ఆ ముడి బిగుసుకుపోయింది. ఎర కోసే కత్తితో కోశాను. తీరా దించితే ఆఖరి మెట్టు నీటికి జానెడు కిందే ఉంది. నీళ్లలో వేలాడే మనిషి మోకాలు అంత పైకి లేస్తుందా? ఇంకో ఉచ్చు వేసి పాదానికి తొడిగి, కాలర్ పట్టుకుని లాగాను. ఎంతసేపు పట్టిందో ఇద్దరికీ తెలియదు.

దుప్పట్లు కప్పాను, రేడియోలో పిలిచాను. దగ్గర్లోని ఫిషింగ్ లాడ్జి బోటు వచ్చి మమ్మల్ని లాక్కెళ్లింది. వణుకు కాస్త తగ్గాక మీ పెదనాన్న నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? "ఆ రెండో రాడ్‌కి ఏమైనా పడిందేమో చూడు." సిగ్గులేకుండా చూశాను కూడా. ఏమీ లేదు.

ఇది రాస్తుంటే వెనక నుంచుని చదివి, "నిచ్చెన చప్పుడికి నిద్ర పట్టట్లేదని గోల చేసింది నువ్వే కదా" అంటున్నారు. రాయమన్నారు, రాశాను.

కాబట్టి తీగలు కోసే కట్టర్‌ని డౌన్‌రిగ్గర్ పక్కనే తాడుతో కట్టి ఉంచు, డ్రాయర్‌లో కాదు. స్టీరింగ్ దగ్గరున్నవాళ్లు రాడ్ ముట్టుకోకూడదు, ఎంత పెద్ద చేప పడినా సరే. చేతివలతో చేపని అందుకునేటప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, చేపని వల దగ్గరికి రప్పించు. నువ్వు వంగి దాని వెంట పడకు. వెనక డెక్ మీద కాలు పెట్టావంటే ఒంటి మీద జాకెట్ ఉండాలి. నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు మరీ ముఖ్యం, జాకెట్ తీసేది అప్పుడే కదా.

అందరూ నిన్ను దారిలో వచ్చే కేప్ కాషన్ అనే భూశిరం పేరు చెప్పి భయపెడతారు. అక్కడ పసిఫిక్ నేరుగా మీదకొస్తుంది, నిజమే. కానీ దానికి భయపడ్డవాడు జాగ్రత్తగా ఉంటాడు. పోర్ట్ హార్డీ వైపు ఆగి, వెస్ట్ సీ ఆటర్ అనే వాతావరణ బోయ్ దగ్గర అలల ఎత్తు ఎంతుందో, పైన్ ఐలండ్, ఎగ్ ఐలండ్ లైట్‌హౌసుల వాళ్లు ఏం చెప్తున్నారో వినండి. బాగుంటే తెల్లవారకముందే బయల్దేరండి, బాగోకపోతే ఇంకో రోజు పడుకోండి. ఆ ఇంకో రోజు పడుకోవడమే మీ వంశానికి చేతకాదు. సీమూర్ నేరోస్ అనే ఇరుకు జలసంధి కూడా అంతే. అక్కడ కరెంటు 15 నాట్ల వేగం దాకా పోతుంది, నీ బోటు మహా అయితే 7. నీళ్లు నిలకడగా ఉండే స్లాక్ కోసం ఆగాలి. ఆ నీటి అడుగునుండిన రిపుల్ రాక్ అనే బండ వందకి పైగా ప్రాణాలు తీసింది, 1958 ఏప్రిల్ 5న దాన్ని పేల్చేశారు. బండ పోయింది కానీ నీళ్ల ఉరవడి పోలేదు. ప్రిన్స్ రూపర్ట్ దగ్గర ఆటుపోట్ల తేడా 7 మీటర్ల దాకా ఉంటుంది. లంగరు వేసేటప్పుడు ఆ లెక్క కట్టకపోతే పొద్దున్న లేచేసరికి బోటు బురదలో పక్కకి ఒరిగి ఉంటుంది.

పోర్ట్ మెక్‌నీల్ దాటాక ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మీ అమ్మకి ముందే చెప్పు, రెండు రోజులు ఫోన్ రాకపోతే కంగారు పడొద్దని. నాకు చెప్పక్కర్లేదు, నేను ఎలాగూ పడతాను.

మా పాత జాకెట్లు రెండూ పంపుతున్నాను. గాలి నింపుకునే రకం, లోపల గ్యాస్ గుళిక తేదీ దాటిపోయి ఉంటుంది, మార్పించు. అమ్మాయికి నడుము దగ్గర బిగించే పట్టీ పొడవైతే కత్తిరించొద్దు, కుట్టించొద్దు, లాగి బిగించుకోమను. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ వేసుకోమను. అది లేకపోతే జాకెట్ పైకి తన్నుకొచ్చి ముఖానికి అడ్డం పడుతుంది.

ఇంకో పని. బయల్దేరేముందు ఒకరోజు మెరీనాలోనే, ఇంజిన్ ఆపి, జాకెట్ వేసుకుని, బట్టలతో సహా నీళ్లలోకి దిగు. ఎవరి సాయం లేకుండా నిచ్చెన నువ్వే కిందికి లాక్కుని పైకెక్కాలి. నీళ్లలో ఉన్న మనిషి చేతికి అది అందాలి, ఆఖరి మెట్టు కనీసం రెండడుగులు మునగాలి. తర్వాత అమ్మాయి దిగి ఎక్కాలి. ఆ తర్వాత నువ్వు శవంలా వేలాడు, ఆ పిల్ల ఒక్కతే నిన్ను పైకి తేవాలి. నిన్ను తను ఎత్తలేదు, అందుకని కప్పీ ఉన్న తాడు ఒకటి కొనిపెట్టు, ఎలా వాడాలో నేర్పు. ఇదంతా వీడియో తీసి నాకు పంపు. అది చూశాకే ఆ గుండూ ఫ్లాషర్లూ ఉన్న పెట్టె మీ ఇంటికి పంపుతాను. అప్పటిదాకా అది నా మంచం కిందే ఉంటుంది, మీ పెదనాన్నని ఎంత బతిమాలినా లాభం లేదు.

మీ
పెద్దమ్మ