ఎడ్ల కొట్టంలో చేరిన కుర్రాడికి ఇల్లు రాయొచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. నా వయసు 68. నలభై ఏళ్లు బండలాగుడు పోటీల్లో ఎడ్లు తోలాను. మోకాళ్లు పోయి మానేశాను. భార్య చనిపోయింది. కొడుకు, కూతురు హైదరాబాద్‌లో ఉంటారు. ఐదేళ్ల కిందట తిరునాళ్లలో ఒక కుర్రాడు మా ఎడ్లకు నీళ్లు పెట్టి, రాత్రి వాటి పక్కనే పడుకుని, తెల్లారి మాతో వచ్చేశాడు. అమ్మానాన్నలెవరో వాడికే తెలీదు. ఇప్పుడు 23 ఏళ్లు. జతను మేపేది వాడే. పోయినేడు నాకు ఆపరేషన్ అయితే ఆసుపత్రిలో పదకొండు రోజులు పక్కనున్నదీ వాడే. దత్తత తీసుకుని ఇల్లు, ఎడ్లు వాడి పేర పెట్టాలని ఉంది. ఇల్లు నా కష్టార్జితం, మూడెకరాలు తాతల నాటివి. ఆస్తి కోసమే చేరాడని, కేసు వేస్తామని పిల్లలు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అయ్యా, ముందు దత్తత మాట మరిచిపోండి. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం కొడుకు ఉన్నవారు మరో మగబిడ్డను దత్తత తీసుకోకూడదు. పైగా ఆచారం ఉంటే తప్ప, దత్తతకు వచ్చేవారి వయసు 15 దాటకూడదు. ఎవరో చెప్పారని దత్తత కాగితం రాయించుకుంటే అది చెల్లదు. రేపు మీ పిల్లల లాయరు అదే పట్టుకుని, కుర్రాడు మీ చేత ఏదైనా రాయించుకోగలడని వాదిస్తాడు.

మీ స్వార్జితమైన ఇల్లు ఎవరికిచ్చినా అడిగే హక్కు పిల్లలకు లేదు. ఈ విషయంలో టెన్షన్ పడొద్దు. పొలం సంగతి వేరు. అది తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తే అయితే కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతో వాటా ఉంటుంది. మీ వాటా వరకే మీ ఇష్టం. మీరు అడిగింది ఇంటి గురించే కాబట్టి, పొలాన్ని పిల్లలకే వదిలేస్తే సగం గొడవ తగ్గుతుందని నా అభిప్రాయం.

ఇంటిని ఇప్పుడే గిఫ్ట్‌గా రిజిస్టర్ చేయొద్దు. కుర్రాడి మీద అనుమానంతో చెప్పడం లేదు. గిఫ్ట్ ఇచ్చేశాక మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద రద్దు కోరాలన్నా, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతుతోనే ఇచ్చారని తేలాలి. వాడు బంధువు కాదు కనుక కుటుంబ సభ్యులకిచ్చే స్టాంపు డ్యూటీ రాయితీ రాదు, ఇంటి విలువ మీద వాడికి ఆదాయపు పన్నూ పడొచ్చు. వీలునామాకైతే స్టాంపు డ్యూటీ లేదు, అలా వచ్చిన ఆస్తికి ఆ పన్నూ లేదు. బతికున్నంత కాలం ఇల్లు మీదే, ఎప్పుడైనా మార్చి రాయొచ్చు.

వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మీరు చేయించండి. రేపు కోర్టులో కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి, అందుకని మీ ఈడు వాళ్లను కాకుండా నలభై లోపు వాళ్లను పెట్టుకోండి. ఆరోగ్యంగా, తెలివితో ఉన్నారని అదే రోజు డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి. పిల్లలకు ఇల్లు ఎందుకివ్వలేదో మీ మాటల్లోనే రాయించండి. ఆ పదకొండు రోజుల సంగతి తప్పకుండా ఉండాలి. రక్తసంబంధం లేని వ్యక్తికి ఇస్తే జడ్జి మొదట వెతికేది ఆ కారణాన్నే. కుర్రాడి తండ్రి పేరు తెలియదు కాబట్టి వాడి ఆధార్ నంబరు, ఫొటో, ఎప్పటినుంచి మీ ఇంట్లో ఉంటున్నాడో చేర్చండి.

ఎడ్లను మాత్రం ఇప్పుడే ఇవ్వొచ్చు. అవి చరాస్తి, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, స్వాధీనం చేస్తే చాలు. ఇక్కడో చిక్కుంది. జత మీ కొట్టంలోనే ఉంటుంది, వాడూ మీ ఇంట్లోనే ఉంటాడు. ఇచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది? అందుకే నలుగురు పెద్దల ముందు పగ్గాలు వాడి చేతిలో పెట్టండి. ఎడ్ల రంగు, వయసు, కొమ్ముల ఆనవాళ్లు రాసిన కాగితం మీద మీరు, వాడు, ఆ పెద్దలు సంతకాలు చేయండి. ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి.

వీలునామాకు లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంటి దస్తావేజు, పన్ను రసీదు, ఆధార్ తీసుకెళ్లండి. ఆటోలో తోడు ఎవరినైనా తెచ్చుకోండి కానీ, కుర్రాణ్ని మాత్రం ఆ రోజు ఎడ్ల దగ్గరే ఉండమనండి.