తమ్ముడూ, ముందు ఇంట్లో చెప్పు

తమ్ముడూ,

పురుషాంగ క్యాన్సర్ అని బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు చేతికొచ్చి 4 రోజులైనా ఇంట్లో చెప్పలేదని రాశావు. నేను 8 నెలలు దాచాను. ముందరి చర్మం కింద చిన్న పుండు, వెనక్కి లాగితే నొప్పి, అప్పుడప్పుడు లోదుస్తుల మీద రక్తపు చుక్క. మందుల షాపులో ఏదో ఆయింట్‌మెంట్ అడిగి రాసుకునేవాణ్ణి. డాక్టర్ దగ్గరికి వెళ్తే సుఖవ్యాధి అనుకుంటారేమోనని సిగ్గు. చివరికి వెళ్లేసరికి అంగం చివర కొంత తీసేయాల్సి వచ్చింది. మొదట్లోనే వచ్చుంటే చర్మం తీస్తే సరిపోయేదేమో అన్నారు డాక్టరు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే చెబుతున్నా, ఈ రాత్రే మా మరదలికి చెప్పు. తను అనుమానిస్తుందని నీ భయం. ఈ పురుషాంగ క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందిలో లైంగికంగా సోకే హెచ్‌పీవీ అనే వైరస్ కనిపిస్తుంది, మిగతావాళ్లలో ఉండదు. చర్మం బిగుసుకుపోయి వెనక్కి రాకపోవడం, పొగతాగడం కూడా దీన్ని తెచ్చిపెడతాయి. ఆ వైరస్ ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఒంట్లో ఉండిపోగలదు. దాన్ని పట్టుకుని ఎవరి నడవడినీ తేల్చలేం. క్యాన్సర్ ఆమెకు అంటుకోదు. వైరస్ మాత్రం అంటుకోవచ్చు, కాబట్టి గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకోమను.

ఇది అరుదైన జబ్బు. ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారని డాక్టర్ని మొహమాటపడకుండా అడుగు. గజ్జల సంగతి తప్పకుండా అడుగు. ఈ జబ్బు పాకితే ముందు అక్కడికే పాకుతుంది. చేతికి బిళ్ళ తగలకపోయినా లోపల కణాలు చేరి ఉండొచ్చు. కణితి దగ్గర కొంచెం రేడియోధార్మిక మందు, నీలిరంగు ఎక్కించి, అవి గజ్జల్లో మొదట చేరే లింఫ్ గ్రంథిని మాత్రమే తీసి చూసే పద్ధతి ఒకటుంది. నీకు అది కుదురుతుందా అని అడుగు. నాకు గజ్జల్లోని ఆ గ్రంథులన్నీ తీశారు, ఎడమ కాలు వాస్తుంది. పొద్దున్నే బిగుతు మేజోడు వేసుకున్నాకే మంచం దిగుతాను.

కట్టు విప్పిన రోజు నర్సు గాజుగుడ్డ తడిపి మెల్లగా తీస్తుంటే నేను గోడవైపు తిరిగిపోయాను. మీ వదిన వంగి చూసింది. "ఎర్రగా ఉంది, చీము లేదు, మానుతోంది" అంది, పిల్లాడి మోకాలి మీద దెబ్బ చూసి చెప్పినట్టు. నేను చూసుకోవడానికి ఇంకో 3 రోజులు పట్టింది. ఆ 3 రోజులూ ఆ మాటే నన్ను నిలబెట్టింది.

కాథెటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) తీశాక ధార చెదిరి పక్కలకు చిమ్మవచ్చు. నాకు అలాగే అయింది, అప్పట్నుంచి కూర్చునే పోస్తాను. బయటికి వెళ్తే తలుపున్న గది చూసుకుంటాను. అలవాటైపోతుంది.

నువ్వు రాయలేక వదిలేసిన ప్రశ్న నాకు అర్థమైంది. వృషణాలు అలాగే ఉంటాయి, కోరిక పోదు. కొంత భాగమే తీసినవాళ్లలో చాలామందికి స్తంభన, సుఖం రెండూ ఉంటాయి. అయితే వెంటనే కాదు. మాకు ఏడాది పట్టింది, అందులో ఎక్కువ కాలం నేను అటు తిరిగి పడుకున్నందువల్లే. నువ్వు అలా తిరగకు. మాట్లాడటం కష్టమైతే కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి.

సిగరెట్ ఇవాళే మానెయ్. తిరగబెడితే ఎక్కువగా మొదటి 2 ఏళ్లలోనే, కాబట్టి నన్ను 3 నెలలకోసారి రమ్మనేవారు. నిన్ను ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్లు, బాగానే ఉందిగా అని మానకు. మధ్యలో గజ్జల్లో బిళ్ళ తగిలితే ఆ తేదీ దాకా ఆగకు.

ఎల్లుండి డాక్టర్ దగ్గరికి మా మరదల్ని కూడా తీసుకెళ్లు. ఆ రోజు నాకు చెప్పినదాంట్లో సగం బుర్రకెక్కలేదు, మీ వదిన రాసుకున్న కాగితమే ఇంటికొచ్చాక పనికొచ్చింది. ఈ రాత్రి తనకు చెప్పాక, ఎంత పొద్దుపోయినా సరే, నాకు ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

మీ అన్నయ్య