వాసం కొన చూశారా?

ప్రశ్న: మాది గుణుపురం. మామగారు కట్టించిన బెంగళూరు పెంకుల ఇల్లు, 45 ఏళ్లు దాటింది. పోయిన వానాకాలం మూడు చోట్ల కారింది: పక్కింటి గోడ మొదట్లో, నడిమి గదిలో, పెరటి చూరు దగ్గర. మేస్త్రీ పెంకులన్నీ దింపేసి జింకు రేకులు వేసేద్దామంటున్నాడు. మా మరిది పగిలిన పెంకులు మారిస్తే చాలంటాడు. కప్పు మార్చే రోజు వచ్చిందో లేదో మాకు మేమే తెలుసుకునే దారి ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. ఇద్దరూ పెంకుల గురించే మాట్లాడుతున్నారు, వాసాల మాట ఎవరూ ఎత్తలేదు. పర్లాకిమిడిలో 38 ఏళ్లు వడ్రంగం చేసినవాణ్ణి, నేను ముందు అడిగేది అదే.

మీ మూడు కారుళ్లూ ఒకటి కావు. పక్కింటి గోడ దగ్గరది కప్పు జబ్బు కాదు. పెంకూ గోడా కలిసే చోట పూసిన సిమెంటు ఎండకి నెర్రె విచ్చుతుంది. గీకి మళ్లీ పూయిస్తే సరి.

నడిమి గదికి మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి పైకి చూడండి. వెలుతురు చుక్కల్లా కనిపించిన చోట పెంకు పగిలిందో జారిందో అయ్యుంటుంది. పగిలితే మార్చుకోండి. జారితే మాత్రం ఆ పెంకు తీయించి కింద చూడాలి. పెంకు అడుగున ఉండే ముక్కు రీపరుకి, అంటే వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న చెక్క పట్టీకి, తగులుకుని నిలబడుతుంది కదా. ముక్కు విరగకుండానే పెంకు జారిందంటే రీపరు పుచ్చిందనే అనుమానించాలి. దింపిన పెంకుని వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే దానికి ఇంకా చాలా ఆయుష్షుంది. బద్దగా పలికి, చేతికి పొరలు రాలుతుంటే అది నీళ్లు పీల్చేస్తోంది. ఆ తడి బరువంతా కింద వాసాలే మోయాలి.

నాకు బెంగ పెరటి చూరు గురించే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదికి వచ్చింది. ఆ వేసవిలోనే మా ఇంటికి 200 కొత్త పెంకులు వేయించాను. అయినా పెరటి వైపు చూరంతా లేచిపోయింది. తెల్లారాక కింద పడ్డ వాసం తిప్పి చూశాను. పైన వేసిన రంగు నిగనిగలాడుతోంది. గోడ మీద ఆనే చోట బొటనవేలు నొక్కితే జీలుగుబెండులో దిగినట్టు దిగిపోయింది. ఏళ్ల తరబడి చూరు నీళ్లు ఆ కొనలోకే ఇంకాయి, వెనకే చెద పట్టింది. ఊరందరి వాసాలూ పొడిచి చూసినవాణ్ణి, మా ఇంటివి చూసుకోలేదు. ఆ రాత్రి మా అమ్మ ఆ గదిలో పడుకోకపోవడం మా అదృష్టం.

అందుకే చెబుతున్నాను, నిచ్చెన వేయించి పెరటి వైపు ప్రతి వాసాన్నీ గోడ మీద ఆనే చోట స్క్రూడ్రైవరుతో పొడిపించండి. గట్టి చెక్కలో మొన మాత్రమే గుచ్చుకుంటుంది. అంగుళం దిగితే ఆ వాసం పోయినట్టే. తర్వాత వీధిలో నిలబడి కొప్పు వరస, అంటే కప్పు రెండు వాలులూ పైన కలిసే గీత, చూడండి. దారం పట్టినట్టు తిన్నగా ఉండాలి. మధ్యలో కుంగితే దూలం లొంగుతోందని అర్థం. అప్పుడు కప్పు దింపక తప్పదు, వాయిదా వేయకండి.

రేకుల మాటకొస్తే, మేస్త్రీ వాటిని పాత వాసాల మీదే బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. పెంకుకి తన బరువైనా ఉంటుంది. రేకుని పట్టి ఉంచేది కింది చెక్కే. పుచ్చిన వాసానికి ఎంత మంచి బోల్టు వేసినా గాలికి బోల్టుతో సహా పైకి లేస్తుంది. చెక్క మార్చాక రేకులే కావాలనుకుంటే, బోల్టులు రేకు గాడిలో కాకుండా మిట్ట మీద పడేలా దగ్గరుండి చూసుకోండి. గాడిలో వేస్తే మొదటి వానకే కారుతుంది. మీ గుణుపురం ఎండల్లో రేకుల కింద వేసవి గడపడం కూడా ఆలోచించుకోండి. నేనైతే మంచి పెంకుల్ని పారేయను.

పని మృగశిర కార్తెకి ముందే ముగించాలి. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. వానలు తగ్గాక చూద్దాంలే అనుకునే ఇళ్లకి అప్పుడిక వ్యవధి ఉండదు.

వాసాలు పొడిపించాక ఎన్నింటిలో అంగుళం దిగిందో లెక్కపెట్టి నాకు రాయండి. రెండు మూడే అయితే పక్కన కొత్త వాసాలు జత చేసి, బోల్టులు బిగించి, కొనలకి తారు పూయిస్తే ఇల్లు నిలబడుతుంది. సగం దాటితే కొత్త కలప ఎంత పడుతుందో నేనే లెక్క కట్టి పంపిస్తాను. గదుల కొలతలు కూడా రాయడం మరిచిపోకండి.