ఇంగ్లీషులో సైన్సు చెప్పబోయే అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

డీఎస్సీలో ఎంపికై సత్యవేడు వైపు హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే ఎంత పొంగిపోయానో, పాఠాలు ఇంగ్లీషులో చెప్పాలని విన్నాక అంత దిగులూ పడ్డాను. తెలుగు మీడియంలో చదువుకున్నదానివి. ఇంగ్లీషు పుస్తకం చదివి అర్థం చేసుకోగలవు గానీ, తరగతి ముందు నిలబడి అప్పటికప్పుడు మాట్లాడడం వేరు.

పాఠాన్ని ముందురోజు రాత్రే పైకి చదువుకో. ఉచ్చారణలో అనుమానం వస్తే ఫోన్లో నిఘంటువు తెరిచి విను. దక్షిణాది రాష్ట్రాల ఉపాధ్యాయులకు ఇంగ్లీషు బోధనలో శిక్షణ ఇచ్చే సంస్థ బెంగుళూరులో 1963 నుంచి ఉంది. అక్కడికి పంపుతామంటే ఇల్లు వదలాలని వెనకాడకు.

ఇవన్నీ నువ్వు చేస్తావు. నా భయం వేరు.

2008లో సక్సెస్ పథకం కింద ప్రభుత్వ హైస్కూళ్లలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు వచ్చాయి. అప్పుడు నాతో పనిచేసిన ఒక సైన్సు ఉపాధ్యాయిని తన సబ్జెక్టులో మా అందరికన్నా దిట్ట. కానీ తన ఇంగ్లీషు తడబాటు పిల్లలకు తెలిసిపోతుందని బెదిరి, తరగతిలో తెలుగు మాట వినపడకూడదని కట్టడి చేసి, పుస్తకం చదివించి, గైడులోని జవాబులు రాయించేది. ఒకనాడు ఆమ్లాలు, క్షారాల ప్రయోగానికి సామాను అందించడానికి నేను వెళ్లాను. పసుపు రాసిన కాగితం మీద సబ్బునీటి చుక్క పడి ఎర్రబడగానే రెండో బెంచీ పిల్ల లేచి, "టీచర్, మా అమ్మ చీర మీద పసుపు మరక కూడా..." అంది. "ఇంగ్లీషులో చెప్పు" అన్నది ఆమె. ఆ పిల్ల అటూ ఇటూ చూసి కూర్చుంది. పాఠమంతా ఆ చీర మరకలోనే ఉంది. పరీక్షలో నిర్వచనం తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకుంది గానీ, ఆ ఏడాది ఆ పిల్ల మళ్లీ లేచి అడగడం నేను చూడలేదు. ఆమె చెడ్డ ఉపాధ్యాయిని కాదు; భయమే ఆమెను కఠినురాలిని చేసింది.

తెలియనిది ఎవరైనా అడిగితే విసుక్కునే గుణం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. దాన్ని బడికి మోసుకెళ్లావని తెలిస్తే నేను ఊరుకోను. అక్కడ ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలూ ఉంటారు, వాళ్లకు తెలుగే రెండో భాష. ఏ భాషలో అడిగినా ముందు పూర్తిగా విను. ఆ ప్రశ్ననే చిన్న ఇంగ్లీషు వాక్యంగా బోర్డు మీద రాసి, ఆ పిల్లచేతే చదివించి, అప్పుడు జవాబు చెప్పు. ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉన్న పుస్తకాలుంటే రెండు పేజీలూ తెరిపించు. బోధన వీలైనంత వరకు మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది కాబట్టి, కష్టమైన చోట తెలుగులో వివరించడం తప్పేమోనని బెంగపడకు. నీకే మాట తట్టకపోతే, రేపు చూసుకొచ్చి చెబుతానని పిల్లలతో నిజమే చెప్పు, మర్నాడు తప్పకుండా చెప్పు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. మన ఇంట్లో సైన్సు చెప్పేదానివి నువ్వొక్కదానివే. చేరేలోపు ఒక ఆదివారం ఏడో తరగతి పుస్తకం పట్టుకుని రా. మొదటి పాఠం నాకు ఇంగ్లీషులో చెప్పు, నేను తెలుగులో ప్రశ్నలు అడుగుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ